యాభై ఆరు రోజుల లెక్క: సర్వైకల్ క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో వైద్యం ఎలా ఉంటోంది?

డిశ్చార్జి కాగితంలో రెండు తేదీలు వెతకండి. ఒకటి రేడియేషన్ మొదలైన రోజు, రెండోది ముగిసిన రోజు. మధ్యలో ఎన్ని రోజులున్నాయో లెక్కపెడితే ఆ ఆసుపత్రి సంగతి సగం తెలిసిపోతుంది. 56 దాటకూడదు. బయటి నుంచి పెట్టే కరెంటు (రేడియేషన్‌కు మనవాళ్ల పేరు) ఐదు వారాలు, లోపల పెట్టేది మరో రెండు మూడు వారాలు, మొత్తం ఎనిమిది వారాల్లో అయిపోవాలి. ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకూ పొత్తికడుపులో జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గుతూ పోతుంది. ఇంట్లో పెళ్లి ఉందని, నాట్లు పడ్డాయని, మెషీన్ ఆగిందని, ఆరోగ్యశ్రీ అనుమతి ఇంకా రాలేదని పోయే రోజులన్నీ ఈ ఖాతాలోకే వెళ్తాయి.

గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌కు మన దగ్గర దొరుకుతున్న వైద్యాన్ని ఈ లెక్క చేతిలో పట్టుకుని చూసిన సమీక్ష ఇది. మన ఆడవాళ్లు ఆసుపత్రికి వచ్చేసరికి జబ్బు ఎక్కువగా ముఖద్వారం దాటి పక్కకు పాకిన 2బి, 3బి దశల్లో ఉంటుంది కాబట్టి ఆపరేషన్ కంటే రేడియేషన్ గురించే ఎక్కువ రాశాం.

హైదరాబాద్‌లో తలుపులు మూడు తరహాలు. రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది. 2023లో అరబిందో ఫార్మా ఫౌండేషన్ కట్టించిన కొత్త బ్లాకు దానికి తోడైంది. బంజారాహిల్స్‌లో బసవతారకం ఇండో అమెరికన్ ఆసుపత్రి ట్రస్టుది, 2000లో తెరిచారు. బయటి రేడియేషన్, లోపలి రేడియేషన్ రెండూ ఈ రెండు చోట్లా ఒకే ఆవరణలో దొరుకుతాయి. మూడో తరహా కార్పొరేట్లు. వాటిలో కొన్నిచోట్ల లోపలి రేడియేషన్ లేదు, ఆ భాగానికి రోగిని మరో చోటికి పంపిస్తారు. కొత్త మెషీన్ గురించి బోర్డు పెట్టే ఆసుపత్రి ఈ సంగతికి బోర్డు పెట్టదు. అడిగి తెలుసుకోవాల్సిందే.

హైదరాబాదే రావాలని కూడా లేదు. ఉత్తరాంధ్ర వాళ్లకు విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం ఉంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ వెళ్లాల్సిన వైద్యం ఇది. ఇంటికి దగ్గరగా, లోపలి రేడియేషన్ కూడా ఉన్న చోటు దొరికితే పేరున్న దూరపు ఆసుపత్రి కంటే అదే మేలు. మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువగా గది అద్దె కట్టలేక మానేస్తారు.

అసలు తప్పు క్యాన్సర్ ఆసుపత్రి గడప తొక్కకముందే జరిగిపోతుంటుంది. మన రెండు రాష్ట్రాల్లో గర్భసంచి తీయించుకోవడం మామూలైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట, అధిక రక్తస్రావం అని వెళ్తే స్పెక్యులమ్ (యోని లోపల చూసే పరికరం) పెట్టి చూడకుండా, పాప్ స్మియర్ (ముఖద్వారపు కణాల పరీక్ష) లేకుండా, పరీక్షకు ముక్క (బయాప్సీ) తీయకుండా నేరుగా ఆపరేషన్ టేబుల్ ఎక్కిస్తారు. పది రోజులకు పాథాలజీ రిపోర్టులో క్యాన్సర్ అని వస్తుంది. మామూలు హిస్టరెక్టమీలో సంచి పక్కనుండే పారామెట్రియం కణజాలాన్ని, లింఫు గ్రంథుల్ని తీయరు. అంటే జబ్బు మధ్యలోంచి కోసి, మిగిలింది లోపలే వదిలేసినట్టు.

దీనివల్ల జరిగే రెండో నష్టం గురించి ఎవరూ చెప్పరు. లోపలి రేడియేషన్ ఇచ్చే సన్నని గొట్టం గర్భసంచి లోపలి దారిలోకే వెళ్తుంది. జబ్బు నడిబొడ్డున ఎక్కువ డోసు పడేది అందుకే. సంచే లేకపోతే గొట్టానికి దారి లేదు. యోని పైకొసలో సిలిండర్ పెట్టాలి, లేదా సూదులు గుచ్చాలి. అందువల్ల సంబంధం తర్వాత రక్తం కనిపించినా, ముట్లుడిగాక మళ్లీ కనిపించినా, దుర్వాసనతో నీళ్లలా తెల్లబట్ట అవుతున్నా ముక్క పరీక్ష రిపోర్టు చేతికి రాకుండా సంచి తీయడానికి ఒప్పుకోవద్దు.

క్యాన్సర్ ఆసుపత్రిలో మొదటి వారం ఎలా గడవాలంటే: స్త్రీల క్యాన్సర్ సర్జన్, రేడియేషన్ డాక్టర్ ఇద్దరూ చేత్తో పరీక్ష చేసి దశ రాయాలి. యోని నుంచి, మలద్వారం నుంచి రెండు వైపులా చూడాలి, పారామెట్రియం గట్టిపడిందో లేదో వేలికే తెలుస్తుంది. తర్వాత పొత్తికడుపు ఎంఆర్ఐ, కడుపు, ఛాతీకి సీటీ లేదా పెట్ సీటీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), హిమోగ్లోబిన్, హెచ్ఐవీ పరీక్ష. దశలు నిర్ణయించే అంతర్జాతీయ సంఘం ఫిగో 2018 పద్ధతిలో లింఫు గ్రంథుల్లో జబ్బు కనిపిస్తే గడ్డ చిన్నదైనా దశ 3సి అవుతుంది. పాత పద్ధతిలో 1బి (ముఖద్వారం దాటని దశ) అని రాసి ఆపరేషన్‌కు పంపేస్తే గ్రంథుల సంగతి మరుగునపడుతుంది.

బయట ముక్క తీయించి ఉంటే రిపోర్టు కాగితం ఒక్కటి తెస్తే చాలదు. ముక్కను మైనంలో భద్రపరిచిన పారఫిన్ బ్లాకులు, స్లైడ్లు తెచ్చుకోవాలి. క్యాన్సర్ ఆసుపత్రి పాథాలజిస్టు వాటినే మళ్లీ చూస్తారు; స్క్వామస్ రకమా, అడినో రకమా, అరుదైన న్యూరోఎండోక్రైన్ రకమా అన్నదాన్ని బట్టి మందులే మారిపోతాయి. బ్లాకులు ఇవ్వడానికి చిన్న ల్యాబులు నసుగుతుంటాయి. అవి మీవి. సంతకం పెట్టి తీసుకోండి.

ఈ వారంలోనే బయటపడాల్సింది కిడ్నీ సంగతి. గడ్డ మూత్రనాళాన్ని నొక్కి కిడ్నీ ఉబ్బితే అది 3బి. క్రియాటినిన్ పెరిగాక రేడియేషన్‌తో కలిపి ఇచ్చే కీమో మందు సిస్‌ప్లాటిన్ ఇవ్వలేరు. లోపలి నుంచి మూత్రనాళంలోకి సన్నని గొట్టం (డీజే స్టెంటు) వేయాలి, అది ఎక్కకపోతే వీపు వైపు నుంచి కిడ్నీలోకి పీసీఎన్ గొట్టం పెట్టాలి. యూరాలజిస్టు పిలిస్తే ఒకటి రెండు రోజుల్లో వచ్చే ఆసుపత్రికీ, ‘వేరే చోట వేయించుకుని రండి’ అని పంపే ఆసుపత్రికీ మధ్య రెండు వారాల తేడా వస్తుంది.

ఆపరేషనా, కరెంటా? గడ్డ 4 సెంటీమీటర్ల లోపు ఉండి, ముఖద్వారం దాటకపోతే ఆపరేషన్. అంతకు మించితే కీమోతో కలిపిన రేడియేషన్. మొదట కీమో ఇచ్చి గడ్డను తగ్గించి తర్వాత కోద్దాం అనే పద్ధతి ఇంకా అక్కడక్కడా కనిపిస్తోంది. దీన్ని ముంబై టాటా మెమోరియల్‌లోనే పరీక్షించారు. 1బి2 నుంచి 2బి దాకా ఉన్న స్త్రీల మీద చేసిన ఆ అధ్యయనం 2018లో వచ్చింది: ఐదేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు కీమో తర్వాత ఆపరేషన్ చేసినవారిలో 69.3 శాతం, కీమో రేడియేషన్ తీసుకున్నవారిలో 76.7 శాతం. మన దేశపు రోగుల మీద, మన దేశపు ఆసుపత్రిలో తేలిన లెక్క. దానికి విరుద్ధంగా సలహా ఇస్తే కారణం అడగాలి.

కీహోల్ (చిన్న రంధ్రాల ద్వారా చేసే) ఆపరేషన్, రోబో విషయంలోనూ అంతే. ఎల్ఏసీసీ అధ్యయనం, అదీ 2018లోనే, సంచిని పక్క కణజాలంతో సహా తీసే ర్యాడికల్ హిస్టరెక్టమీని కీహోల్‌లో చేస్తే నాలుగున్నరేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవారు 86 శాతం, పొట్ట కోసి చేస్తే 96.5 శాతం అని చూపింది. చిన్న కుట్లు, తొందరగా ఇంటికి అన్న మాటలు అండాశయపు మామూలు సిస్టుకు సరిపోతాయేమో. ఈ జబ్బుకు పొట్ట తెరిచి చేసేదే ఇప్పటికీ ప్రమాణం. రోబో ప్యాకేజీని గట్టిగా అమ్మే చోట్ల ఈ మాట రోగి నోటి నుంచే రావాల్సి వస్తోంది.

ఇక బయటి రేడియేషన్. 25 రోజులు, మొత్తం 45 నుంచి 50 గ్రే (రేడియేషన్ డోసు కొలత). ముందు సీటీ సిమ్యులేషన్ చేసి ఒంటి మీద గుర్తులు పెడతారు. అవి చెరిగిపోతే మళ్లీ మొదటికి వస్తుంది, సున్నిపిండితో రుద్దకండి. రోజూ మెషీన్ ఎక్కే ముందు మూత్రం పోసి, అరలీటరు నీళ్లు తాగి, అర గంట నుంచి ముప్పావు గంట ఆగాలి. నిండిన మూత్రాశయం పేగుల్ని పైకి నెట్టి రేడియేషన్ దారిలోంచి తప్పిస్తుంది. చెప్పడానికి తేలికే. కానీ వరుస ఆలస్యమై రెండు గంటలు కూర్చోబెడితే ఆ మనిషి ఆపుకోలేక వెళ్లి వస్తుంది, సిగ్గుపడి ఆ మాట టెక్నీషియన్‌కు చెప్పదు. పిలవబోయే టైము ముందే చెప్పి నీళ్లు తాగించే చోటికి మా ఓటు. బస్సులో వచ్చేవాళ్లు దారిలో ఇబ్బందని పొద్దున్నుంచీ నీళ్లు మానేస్తారు, వాళ్లను విడిగా కూర్చోబెట్టి చెప్పాలి.

కిరణాల్ని జబ్బు ఆకారానికి తగ్గట్టు మలిచి ఇచ్చే ఐఎమ్ఆర్టీ తప్పనిసరా? ఆపరేషన్ తర్వాత రేడియేషన్ తీసుకునేవారిలో తేడా గట్టిగానే ఉంది: టాటా మెమోరియల్‌లో చేసిన పార్సర్ అధ్యయనంలో మూడేళ్లకు పేగుల ఇబ్బంది మామూలు పద్ధతిలో 42.4 శాతం మందికి, ఇమేజ్ చూసి ఇచ్చే ఐఎమ్ఆర్టీలో 21.1 శాతం మందికి వచ్చింది. అయితే ఐఎమ్ఆర్టీ వరుస కోసం ఆరు వారాలు ఆగమంటే మాత్రం, ఆగకుండా పాత పద్ధతిలో మొదలుపెట్టేయడమే నయం.

వారానికోసారి సిస్‌ప్లాటిన్, ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 40 మి.గ్రా. చొప్పున, ఐదారు సార్లు. 1.4 చదరపు మీటర్ల మనిషికి 56 మి.గ్రా. (మళ్లీ యాభై ఆరే.) ముందురోజు రక్తకణాలు, క్రియాటినిన్ చూడాలి. మందుకు ముందూ తర్వాతా సెలైన్, అందులో పొటాషియం, మెగ్నీషియం. డేకేర్ కుర్చీ ఖాళీ లేదని సెలైన్‌ను గంటలో ఎక్కించి పంపేస్తే మూడో వారానికి కిడ్నీ ఫిర్యాదు చేస్తుంది. వాంతులకు ఒండాన్‌సెట్రాన్ ఒక్కటే రాసి ఊరుకుంటే చాలదు. డెక్సామెథసోన్, ఒలాన్‌జపిన్ కలిపితే ఎంతో తేలిక. ఒలాన్‌జపిన్‌తో నిద్రమత్తు ఉంటుంది, రాత్రికి వేసుకోమనాలి. చెవుల్లో గుయ్‌మంటే డాక్టర్‌కు చెప్పాలి.

హిమోగ్లోబిన్ 10కి పైన ఉంచాలి. రక్తస్రావంతో 6, 7 తో వచ్చేవాళ్లు మన దగ్గర సర్వసాధారణం, కాబట్టి సొంత బ్లడ్ బ్యాంకు ఉందా అన్నది చిన్న విషయం కాదు. ధారగా పోతుంటే యోనిలో గట్టిగా గాజ్ గుడ్డ ప్యాకింగ్ పెట్టి, రేడియేషన్ వెంటనే మొదలుపెడతారు. రక్తం ఆగాక మొదలెడదాం అనడం తలకిందుల వ్యవహారం, ఆపేది ఆ కరెంటే.

మూడో వారంలో విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు ఇంట్లోవాళ్లు పథ్యం పేరుతో జావ, ఇడ్లీ మీద పెట్టేస్తారు, బరువు పడిపోతుంది. మానాల్సింది పీచు, కారం: ఆకుకూరలు, చిక్కుడు, పచ్చి కూరగాయలు, పచ్చళ్లు. పెట్టాల్సింది మెత్తటి పెరుగన్నం, పల్చటి మజ్జిగ, ఉడికించిన గుడ్డు, అరటిపండు, ఓఆర్ఎస్, డాక్టర్ చెప్పిన లెక్కలో విరేచనాలు ఆపే లోపెరమైడ్. గుడ్డు, మాంసం తింటే చీము పడుతుందన్న భయం ఇప్పటికీ వార్డుల్లో వినిపిస్తుంది. ఆ భయాన్ని తీసేయగల డైటీషియన్ తెలుగు మాట్లాడే మనిషై ఉండాలి.

నాలుగో వారం ముగిసేసరికి లోపలి రేడియేషన్ (బ్రాకీథెరపీ) తేదీ చేతికి రావాలి. ఆసుపత్రుల అసలు రంగు ఇక్కడే బయటపడుతుంది. బ్రాకీథెరపీ లేకుండా బయటి రేడియేషన్‌తోనే ముగిస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది, ఎందుకంటే గడ్డకు కావాల్సిన 80-85 గ్రే పైచిలుకు డోసును బయటి నుంచి పంపితే పేగు, మూత్రాశయం తట్టుకోలేవు. 7 గ్రే చొప్పున నాలుగుసార్లు ఇస్తారు, కొన్నిచోట్ల 9 గ్రే చొప్పున రెండుసార్లు. దూరం నుంచి వచ్చేవారికి రెండుసార్ల పద్ధతి వీలుగా ఉంటుంది.

ఆ రోజు జరిగేది ఇది. ముందురోజు తేలికపాటి తిండి, ఎనిమా, పొద్దున ఖాళీ కడుపు. వెన్నుకు మత్తు. మూత్రానికి ఫోలీ గొట్టం. గర్భసంచి దారిలోకి ట్యాండెమ్ అనే సన్నని గొట్టం, ముఖద్వారానికి రెండు వైపులా ఓవాయిడ్లు అనే మరో రెండు గొట్టాలు. మూత్రాశయం, మలాశయం దూరంగా జరిగేలా గాజ్ గుడ్డ ప్యాకింగ్. అలాగే కదలకుండా సీటీకో, ఎంఆర్ఐకో తీసుకెళ్తారు. భౌతికశాస్త్రవేత్త కంప్యూటర్‌లో ప్లాన్ గీయడానికి రెండు మూడు గంటలు. తర్వాత మెషీన్‌కు కలిపి కొన్ని నిమిషాలు డోసు, గొట్టాలు తీసేయడం, సాయంత్రానికి ఇల్లు.

ఈ వరుసలో తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదట మత్తు దగ్గర. మత్తు డాక్టర్ లేకుండా ఒక నొప్పి ఇంజెక్షన్‌తో పని కానిచ్చే చోట్లు ఇంకా ఉన్నాయి. నొప్పికి మనిషి కదిలితే గొట్టం జరుగుతుంది, డోసు గడ్డ మీద కాకుండా మలాశయం మీద పడుతుంది. ఒకసారి అలా నరకం చూసినావిడ రెండోసారికి రాదు. ఫైలులో ‘రోగి రాలేదు’ అని రాస్తారు. రెండోది, గొట్టం సంచి గోడను చీల్చుకుని బయటికి పోవడం. అల్ట్రాసౌండ్ చూస్తూ పెడితే చాలావరకు తప్పుతుంది. మూడోది, గడ్డ పక్కగోడ దాకా పాకినా సూదులు వాడకుండా మామూలు గొట్టంతోనే సరిపెట్టడం. ఎంఆర్ఐ ప్లాన్‌తో, అవసరమైనచోట సూదులతో చేసిన ఎంబ్రేస్ అధ్యయనంలో ఐదేళ్లకు స్థానికంగా జబ్బు అదుపులో ఉన్నవారు 92 శాతం. ఎంఆర్ఐ ప్రతిసారీ కుదరకపోయినా మొదటిసారైనా చేయించి, మిగతావి సీటీతో నడిపే కేంద్రం మంచి కేంద్రమే.

నాలుగోది సోర్సు, అంటే మెషీన్‌లో రేడియేషన్ ఇచ్చే పదార్థం. చాలా మెషీన్లలో ఇరిడియం-192 ఉంటుంది, 74 రోజులకు దాని శక్తి సగమవుతుంది. మూడు నాలుగు నెలలకోసారి కొత్తది తెప్పించాలి, అణుశక్తి నియంత్రణ మండలి అనుమతులు కావాలి. ముందే ఆర్డరు పెట్టకపోతే మెషీన్ ఉండీ పని ఆగిపోతుంది. ‘సోర్సు ఎప్పుడు మార్చారు, మళ్లీ ఎప్పుడు?’ అని అడిగితే మొదట కొంచెం ఆశ్చర్యంగా చూస్తారు, తర్వాత తేదీ చెబుతారు. చెప్పలేకపోతే ఆలోచించాలి.

డబ్బుల సంగతి క్లుప్తంగా. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పది లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. బయటి రేడియేషన్‌కు, కీమోకు, లోపలి రేడియేషన్‌కు అనుమతులు విడివిడిగా పెడితే మూడోది ఆఖరి నిమిషంలో ఇరుక్కుంటుంది. రెండో వారంలోనే ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి బ్రాకీథెరపీ కాగితాలు కదిలించమని అడగాలి. ప్యాకేజీలో లేని పరీక్షలేవో రాయించుకోవాలి.

అండాశయ క్యాన్సర్‌కు ఇదే ఆసుపత్రి సరిపోతుందా అంటే, లెక్క వేరు. అక్కడ సర్జన్ చేతి మీద ఆధారం. యూరప్ స్త్రీల క్యాన్సర్ సంఘం ప్రమాణం ప్రకారం ఒక కేంద్రం ఏడాదికి కనీసం 20 డీబల్కింగ్ (కడుపులో పాకిన జబ్బునంతా తీసేసే) ఆపరేషన్లు చేయాలి, 100 చేస్తే ఉత్తమం. అనుమానం ఉన్న సిస్టును కీహోల్‌లో పగలగొట్టి తీస్తే మొదటి దశ జబ్బు కడుపంతా చిందుతుంది.

చివరి సెషన్ అయ్యాక ఇచ్చే కాగితాన్ని బట్టి కూడా మార్కులు వేశాం. మొదటి పరీక్ష మూడు నెలలకు. అంతకు ముందే స్కాన్ తీస్తే మానుతున్న వాపునే మిగిలిన గడ్డ అనుకుంటారు. రెండేళ్లు మూడు నెలలకోసారి, తర్వాత ఐదేళ్ల దాకా ఆరు నెలలకోసారి. యోని బిగుసుకుపోకుండా వారానికి రెండు మూడుసార్లు డైలేటర్ (యోనిని సాగదీసే నున్నటి గొట్టం) వాడాలి, లేదంటే సంసారానికే కాదు, డాక్టర్ పరీక్షకు కూడా వీలుకాదు. ఈ మాట చెప్పే నర్సు ఉన్న ఆసుపత్రులు తక్కువ, మగ డాక్టర్ చెప్పినా ఈవిడ తలెత్తదు. నలభై లోపు వాళ్లకు రేడియేషన్‌తో ముట్లు ఆగిపోతాయి; స్క్వామస్ రకమైతే హార్మోన్ మాత్రలు ఇవ్వొచ్చు, అడగండి.

తగ్గే దశ దాటినవారికి ఎంఎన్‌జేలోని పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగం ఈ నగరంలో పాతది, నమ్మదగినది. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి వేసుకోవాలి, నొప్పి వచ్చాక కాదు. విరేచనం మందు దానితోపాటే రాయాలి, రాయకపోతే మలబద్ధకానికి భయపడి మాత్రే మానేస్తారు.

ఇంకో ముందుజాగ్రత్త కాగితం మీద ఎర్ర ఇంకుతో రాయించుకోండి. చికిత్స అయిన ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య మలంలో రక్తం కనిపించొచ్చు. అప్పుడు ఊళ్లో గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్తే కొలనోస్కోపీ చేసి, మలాశయం ముందు గోడ నుంచి ముక్క తీయబోతారు. రేడియేషన్ తగిలిన ఆ చోట ముక్క తీస్తే పుండు మానక యోనిలోకి కన్నం పడే ప్రమాదం ఉంది. ముందుగా రేడియేషన్ డాక్టర్‌కు ఫోన్ చేయించి, డోసు కాగితం చూపించాకే స్కోపీ.